వాగులోకి ఏటా ఒక అడుగు

మా వాగుకు అవతలి ఒడ్డున ఉండే అక్కకు కంట్లో పొర తీయించడానికి మొన్న ఎండాకాలం హైదరాబాదు తీసుకెళ్ళాను. ఆమె కూతురు వస్తానంటే వద్దని నేనే ముందుకు పడ్డాను. అక్కకు ఏ పని పడ్డా నేను ఇంకొకరికి వదలను. మా ఊరు ఏర్గట్లలో అందరూ నన్ను మంచిదాన్నని అంటారు. ఎందుకు చేస్తానో నాకొక్కదానికే తెలుసు.

కట్టు విప్పాక డాక్టరు చూసి పొమ్మన్నాడు. బస్సుకు ఇంకా టైముంది. వెనక వీధిలో నాలా బాగుచేశారు, చూసి పోండి అని ఆస్పత్రి ఆయమ్మ చెప్పింది. నాలా అనేసరికి నేను ముక్కుకు కొంగు సిద్ధం చేసుకున్నాను. తీరా వెళ్తే నీళ్ళు తేటగా పారుతున్నాయి, అడుగున రాళ్ళు కనబడుతున్నాయి. అక్క నల్లద్దాలు పైకెత్తి చూడబోతే కసిరాను. ఆమె నవ్వి, అక్కడ కుర్చీలో ఉన్న వాచ్‌మన్‌ను అడిగింది.

"గింత మంచిగ ఎట్ల చేసిండ్రు బిడ్డా?"

"మోరీ నీళ్ళు వేరే పైపులకు మలిపిండ్రు పెద్దమ్మా. అగో, ఆ ఒడ్డుకు ఎవరో మట్టి పోసుకుంట జాగ పెంచుకున్నరు. నీళ్ళు ఇటు మర్లి మా బస్తీ ఇండ్లు మునుగుతుండె. గా మట్టి తీసేసినంక నీళ్ళు వాటి తోవల అవి పోతున్నయి."

నేను ఆ ఒడ్డు మీంచి చూపు తిప్పుకున్నాను. అక్క మాత్రం మామూలుగానే అంది. "మా ఇంట్లకు గూడ వస్తయి నీళ్ళు. మా ఆయన పల్లంల కట్టిండు. బోధన్ దిక్కు చెరుకు బండ్లు తోలినోనికి ఇల్లు ఏడ కట్టాల్నో ఏం తెలుస్తది?"

ఈ మాట నేను ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. వానాకాలం వాగు ఇంట్లోకి వచ్చి బియ్యం తడిసినప్పుడల్లా ఆమె ఇదే మాట బావ మొహం మీద అనేది. ఆయన తల వంచుకుని చీపురుతో బురద తోసేవాడు. నేను టీ కాచి తీసుకుపోయి, ఆమె పక్కన కూర్చుని, "బావ ఇంకొంచెం ఎత్తున కట్టాల్సుండె" అని వంత పాడేదాన్ని.

మా పసుపు కల్లం ఇవతలి ఒడ్డు మీదే ఉంది. ఉడకబెట్టిన పసుపు ఎండబోయడానికి జాగా ఎంతున్నా చాలదు. పాలిష్ పట్టాక మిగిలే పొట్టు, వేళ్ళు, మట్టి ఎక్కడో పారబోయాలి కదా. వాగు అంచున పోయించేదాన్ని. అది గట్టిపడితే మీద మొరం పరిచి చదును చేయించేదాన్ని. ఏటా ఒక అడుగు. మా ఇంటాయన నా తెలివికి మురిసిపోయేవాడు, నేనూ మురిసిపోయాను.

ఒక వానాకాలం కల్లం చివర నిలబడి చూశాను. వరద మా మొరం గట్టుకు కొట్టుకుని, మెడ తిప్పి, నేరుగా అక్క గడపకు పోతోంది. చిన్న పిల్లకైనా అర్థమయ్యేది. అప్పుడు బావ బతికే ఉన్నాడు. నేను నోరు మెదపలేదు. పైగా ఆ ఎండాకాలం ఇంకో అడుగు పోయించాను. రెండేళ్ళకు బావ పోయాడు. పోయేనాటికి కూడా ఊళ్ళో ఆయన పల్లంలో ఇల్లు కట్టిన తెలివితక్కువవాడే.

వాచ్‌మన్ లేచి వెళ్ళాక నేను చెప్పేశాను. చెప్పకపోతే ఆ నీళ్ళ పక్కన ఇంకో నిమిషం కూర్చోలేకపోయేదాన్ని.

"అక్కా, బావ మంచి జాగలనే కట్టిండు. నేనే వాగులకు మా కల్లం జరిపిన. నీళ్ళు మీ దిక్కు మర్లిచ్చింది నేనే. తెలిసి గూడ చెప్పలే."

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. నల్లద్దాల వెనక ఆమె కళ్ళు ఎటు చూస్తున్నాయో తెలియలేదు. డాక్టరు ఏడవొద్దన్నాడని గుర్తుచేయడానికి కూడా నాకు నోరు రాలేదు. బస్సు ఎక్కేటప్పుడు నేను చెయ్యి అందిస్తే పట్టుకోలేదు, కడ్డీ తడుముకుని తనే ఎక్కింది.

కామారెడ్డి దాటాక నోరు విప్పింది.

"ఎత్తు సూసే కట్టిన్నే, అప్పుడు నీళ్ళు రాకపోతుండె అని ఆయన శానసార్లు చెప్పిండు. నేను ఇనలే."

"అక్కా..."

"నాకు చెప్తె ఏమొస్తది చెల్లె? ఇంట్ల ఆయన పటం ఉన్నది. గా పటం ముంగట చెప్పు. నేను గూడ నీ పక్కపొంటి నిలబడ్త. నాకు గూడ చెప్పేది ఉన్నది."