పప్పు తిన్న పులి

నేను అబద్ధాలు చెప్పనని మా సంఘంలో ఎవరిని అడిగినా చెప్పరు. చెప్తానని మాత్రం చాలామంది చెప్తారు. కానీ జరిగినదాన్ని ఉన్నదున్నట్టు చెప్తే దానికి కాళ్లు లేక అక్కడే కూలబడుతుంది. నేను కాస్త నడిపిస్తాను, అంతే. ఈ అలవాటు వల్ల ఒకసారి నా పని ఊడేదాకా వచ్చింది.

యుద్ధం నడుస్తున్న రోజులవి. కిరసనాయిలు దొరకదు, మంచి గుడ్డ దొరకదు. నాకింకా ముప్పై నిండలేదు. భర్త పోయిన రెండేళ్లకు మా గుడివాళ్లు వరంగల్ స్టేషన్‌కు దగ్గర్లో, గుడి ఆవరణలోనే ఒక గది ఇచ్చి నన్ను సువార్త పనిలో పెట్టారు. ఇల్లిల్లూ తిరిగి ఆడవాళ్లకు గ్రంథంలోని కథలు చెప్పాలి. గడప దాటి రాని ఆడవాళ్ల దగ్గరికి మగ బోధకులు పోలేరు కనుక మావంటి వాళ్లు పోయేవాళ్లు. ఊళ్లో మమ్మల్ని పంతులమ్మలు అనేవారు. మా మీద ఒక తెల్ల దొరసాని ఉండేది. పెళ్లి చేసుకోలేదు, నవ్వడం తక్కువ, నడక ఎక్కువ.

రోజుకు ఎనిమిది ఇళ్లు తిరగాలని ఆమె కట్టడి. ఏ ఇంట్లో ఏ కథ చెప్పామో సాయంత్రం దినచర్య పుస్తకంలో రాసి, నెలకోసారి చూపించాలి. ఇళ్లు అయిపోతే పని అయిపోయినట్టు కాదు. ఆదివారం పిల్లల తరగతి నాదే, పాటల జట్టు నాదే, బుధవారం స్త్రీల ప్రార్థన నాదే, క్రిస్మసు నాటకం రాసేదీ, దేవదూతల రెక్కలకు కాగితాలు అంటించేదీ నేనే. నా గదిలో ఒక నులకమంచం ఉండేదని గుర్తుంది గాని, దాని మీద పడుకున్నట్టు గుర్తు లేదు. దేవుడు పిలిచాడు, పలికాను. పలికినదాన్ని మళ్లీ కూర్చోవచ్చా అని ఆయన్ను అడగడం నాకు తోచలేదు.

పొద్దున మిల్లు కూత వినగానే చంకన బొమ్మల చుట్ట పెట్టుకుని మట్టెవాడ దారి పట్టేదాన్ని. చుట్ట అంటే గోడకు తగిలించే పెద్ద పెద్ద రంగు బొమ్మలు, ఓడమీద సముద్రాలు దాటి వచ్చినవి. అందులో మనుషులందరూ దొరల్లాగే ఉండేవారు. గొర్రెలు కూడా.

మట్టెవాడలో ఒక ధాన్యం సావుకారి ఇల్లుండేది. ముందు అంగడి, వెనక వాకిలి. ఇంటి పెద్దావిడకు ముగ్గురు కోడళ్లు. వాకిట్లో పందిరి గుంజ పక్కన నాకని ఒక ఈతచాప ఉండేది. నేను పోగానే పనిమనిషి తెచ్చి పరిచేది, లేవగానే నీళ్లు చిలకరించి పెట్టేది. దాహమైతే చెంబు పైకెత్తి దోసిట్లో పోసేవారు. ఆ చల్లని నీళ్లు, ఆ ఎడం, రెండూ నాకు ఒకేసారి గుర్తొస్తాయి. అయినా ఆ ఇల్లంటే నాకు ప్రాణం. పెద్దావిడ నన్ను చూడగానే, "అచ్చిందే మన పంతులమ్మ! ఇగ పనులు బందు వెట్టుండ్రి" అని కేకేసేది.

ఒక వానాకాలం మధ్యలో ఆ ఇంట్లో ఓడ కథ ఎత్తుకున్నాను. లోకమంతా నీళ్ల పాలవుతుందని దేవుడు ముందే చెప్తే, ఒక ముసలాయన పెద్ద ఓడ కట్టి, ఇంటివాళ్లనూ జంతువులనూ జంటలు జంటలుగా ఎక్కించుకున్న కథ. అర్ధగంటలో అయిపోవాలి. కానీ బొమ్మ విప్పగానే చిన్నకోడలు, "ఇంటోళ్లంటివి, ఆడోళ్లు ఏరి?" అంది.

నిజమే, బొమ్మలో ఒక్క ఆడమనిషీ లేదు. "ఉన్నరమ్మా. ఆయన భార్య, ముగ్గురు కోడండ్లు. లోపట ఉన్నరు" అన్నాను.

"ముగ్గురా? మన లెక్కనే!" అంది నడిపికోడలు. "లోపట ఏం జేస్తాన్రు?"

ఆ పూట ఆరో ఇల్లు అది. కాళ్లు పీకుతున్నాయి, లేచి ఏడో ఇంటికి పోబుద్ధి కాలేదు. గ్రంథంలో ఆ కోడళ్ల గురించి ఒక్క ముక్క లేదు. నేను నోరు తెరిచాను. పెద్దకోడలు బీగాల గుత్తి బొడ్లో దోపుకుంది. ఏనుగు పేడ ఎత్తే వంతు తనది కాదని నడిపిది అలిగి జిరాఫీ పక్కన పడుకుంది. అత్తగారు ఓడలోకి అందరికన్నా ముందు ఎక్కించినవి ఊరగాయ జాడీలు.

"గది, గట్లుండాలె!" అని పెద్దావిడ తొడ చరిచింది. "అది సంసారం ఎరిగిన మనిషి."

చిన్నకోడలికి ఇంకో అనుమానం. "మరి పులి ఏం తిన్నది పంతులమ్మా? మేకలు సుత ఉండె గదా?"

వాళ్లది నీసు ముట్టని ఇల్లు. వాళ్ల ముందు మేకను పులి నోట్లో ఎట్లా పెట్టను? "పప్పు తిన్నది" అనేశాను. "కందిపప్పు. మెత్తగ ఉడకవెట్టి, కొంచెం ఇంగువ పెట్టి."

అంతే, ఆ ఓడ ఇక ఆగలేదు. ప్రతి మంగళవారం పులికి ఏం వండారో చెప్పాలి. ఒక వారం పెసరపప్పు పెడితే అలిగింది. ఒక వారం పోపు మాడిందని గాండ్రించింది. కథలో వాన నలభై రోజులే కురిసింది. నా ఓడ మాత్రం మా వానలు వెలిసినా, బతుకమ్మలు చెరువుల్లో కలిసినా నేల మీద దిగలేదు. నా నడుం కాస్త వాలేది ఆ వాకిట్లోనే, ఆ గుంజకు ఆనుకునే. మాట మాత్రం నడుస్తుండేది.

ఆ నెల దినచర్య చూసిన దొరసాని కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. ఆమె మా భాషను పుస్తకాల్లో నేర్చుకున్న మనిషి. "ఒకే గృహములో పదునొకండు వారములు ఓడ కథయే చెప్పితివి. ఓడ ఎప్పుడు నిలుచును?"

"నీళ్లు ఇంకుతున్నాయండి" అన్నాను.

ఆమె నవ్వలేదు. "మంగళవారము నేను నీతో వచ్చెదను. వారు ఏమి నేర్చుకొనిరో నేనే అడిగెదను. బోధ సరిగా లేనియెడల నిన్ను గృహముల పని నుండి తీసి బాలికల వసతి గృహములో వంటకు పెట్టెదను."

వంటంటే నాకు చిన్నచూపు లేదు. కానీ ఆ గడపలు లేకపోతే నేనేమిటో నాకు తెలియదు. సోమవారం, ఒళ్లు కాలుతున్నా, ఆ ఇంటికి పరుగెత్తాను. రేపు దొరసాని వస్తుంది, ఓడ, వాన, పావురం, కొండ అంతే చెప్పండి, పులి ఊసు తియ్యొద్దు అని బతిమాలుకున్నాను.

పెద్దావిడ చేతిలో చాట పక్కన పెట్టింది. "ఎందుకు తియ్యొద్దు?"

"అది పుస్తకంల లేదవ్వా. నేను కలిపిన."

చిన్నకోడలు నా మొహం వంక చూసి, "అంటే పులి పప్పు తినలేదా?" అంది.

పెద్దావిడ ఆలోచించి ఆలోచించి అడిగింది. "నువ్వు ఇంకోటి సుత చెప్పినవ్. మేము గడప దాటకున్నా, ఆ దేవునికి మేము ఎరుకే అంటివి. పేరు పేరునా ఎరుకే అంటివి. అది పుస్తకంల ఉన్నదా, అదీ నువ్వు కలిపిందేనా?"

ఉన్నదని చెప్పాను. ఒట్టు పెట్టుకోబోయాను. ఆమె నా మాట నమ్మిందో లేదో మొహంలో కనబడలేదు. "పో బిడ్డా, రేపు చూద్దాం" అంది. ఇన్ని కథలు చెప్పిన నోటికి ఆ ఒక్క మాటను నిలబెట్టే బలం లేకుండా పోయింది. గుడి దాకా ఎట్లా నడిచానో నాకు తెలియదు. పని పోతుందన్న భయం అప్పటికి చిన్నదైపోయింది.

మంగళవారం దొరసానికి అరుగు మీద కుర్చీ వేశారు. నేను నా చాప మీద కూర్చున్నాను. కోడళ్లు ముగ్గురూ కొంగులు కప్పుకుని బడిపిల్లల్లా నిలబడ్డారు. పెద్దకోడలు ఓడ గురించి చక్కగా చెప్పింది. నడిపిది పావురాన్ని చక్కగా ఎగరేసింది. దొరసాని మొహం కొంచెం మెత్తబడింది. చిన్నకోడలి వైపు తిరిగి, "నీవు ఏమి నేర్చుకొంటివి?" అంది.

ఆ పిల్ల పెదాలు బిగబట్టింది. నా వైపు చూసింది. అత్త వైపు చూసింది. ఇక ఆపుకోలేక, "పులి పప్పు తిన్నది!" అనేసింది.

దొరసాని నా వైపు తిరిగింది. "ఇది ఏ అధ్యాయములో ఉన్నది?"

"ఏ అధ్యాయంలోనూ లేదండి. నాలో ఉంది."

ఆమె ఇంకేదో అనేలోపు పెద్దావిడ ముందుకొచ్చింది. "జర ఆగు దొరసానమ్మా. ఓడ నీ పుస్తకంలది. పులి మా ఇంటిది. జాడీలు మావే, బీగాలు మావే, అలిగినది మా నడిపిదే. ఏది ఏడికెల్లి వచ్చిందో మాకు ఎరుక లేదనుకున్నవా? సావుకార్ల ఇల్లు ఇది, కల్తీ కనిపెట్టలేమా?"

నేను తల ఎత్తాను. నిన్నంతా ఆ ముసలిది నన్ను ఉడికించిందన్నమాట!

"కని ఒక్కటి" అంది నా వైపు వేలు చూపిస్తూ. "దాని నెత్తి మీద చెయ్యి వెట్టి చూడు. నిన్ననే కాలుతాంది. ఆరు దినాలు పనిజేసి ఏడో దినం మీ దేవుడు సుత ఆగిండని ఇదే చెప్పింది మాకు. మరి దీనికి ఏడో దినం ఏది? ఆదివారం నాడు ఇంకింత పనాయె. మీ దేవునికంటె దీనికి బలం ఎక్కువా?"

దొరసాని అరుగు దిగి వచ్చింది. నా నుదుటి మీద చెయ్యి పెట్టింది. ఆమె చెయ్యి గరుకుగా, చల్లగా ఉంది. "జ్వరము" అంది.

"గదే చెప్తాన్న" అంది పెద్దావిడ.

ఆ తర్వాతి వారమంతా మా గుడివాళ్ల దవాఖానలో పడుకున్నాను. ఆ వారం నేను ఎంత నిద్రపోయానంటే, పక్క మంచం ఆవిడ పురుడు పోసుకుని, బిడ్డకు పేరు పెట్టుకుని, ఇంటికి పోయింది, నేను లేవలేదు. లేచాక దొరసాని వచ్చి మంచం పక్కన కూర్చుంది. కళ్లద్దాలు ఒళ్లో పెట్టుకుంది.

"ఈ దేశమునకు వచ్చి తొమ్మిది సంవత్సరములైనది. నేనును ఏ దినము ఆగలేదు. నేను ఆగను గనుక మీరెవరును ఆగరాదనుకొంటిని. ఒక వృద్ధ స్త్రీ ఆ మాట నాకు చెప్పవలసి వచ్చెను" అంది.

తర్వాత కట్టడి చేసింది. కట్టడి చేయకుండా ఉండలేని మనిషి. ఎనిమిది ఇళ్లు నాలుగయ్యాయి. గురువారం నాకు సెలవు. ఆ రోజు చుట్ట ముట్టుకోరాదు. పాటల జట్టు ఇంకొకరికి అప్పగించాలి. ఇక కథ సంగతి: కలిపేముందు "ఇది నా మాట" అని నేను పైకి చెప్పి తీరాలి. పాటల జట్టు పోయినందుకు నేను రెండు రోజులు ఏడ్చాను. అది మాత్రం కథ కాదు.

"ఇది నా మాట" అన్న కట్టడి వల్ల దొరసాని ఆశించింది జరగలేదు. నేను గ్రంథంలో ఉన్నది చెప్తున్నంతసేపు వాళ్లు బుద్ధిగా వినేవారు; "ఇది నా మాట" అనగానే ముందుకు జరిగి కూర్చునేవారు. కానీ రెంటి మధ్య ఎడం తెలిసిపోయాక నాకూ హాయిగా ఉండేది. దేవుడి మాటను నేను మోయనక్కర్లేదు, అది తన కాళ్ల మీద నడుస్తుంది. నా పులికి మాత్రం నేనే పప్పు వండాలి.

మొదటి గురువారం పొద్దున గది ఊడ్చాను. మళ్లీ ఊడ్చాను. నాటకం రాద్దామని కూర్చుంటే గొర్రెల కాపరులు నోరు విప్పలేదు. ఖిలా వైపు పోయి ఆ పాత కోట రాళ్ల మధ్య కాసేపు కూర్చుందామని బయల్దేరాను; కాళ్లు నన్ను అడక్కుండానే మట్టెవాడకు తిరిగాయి.

"ఇయ్యాల నీకు సెలవన్నరు గదనే?" అంది పెద్దావిడ.

"చుట్ట తేలేదవ్వా. ఊకె వచ్చిన."

"గట్లనా? అయితే పండుకో. ఇయ్యాల నేను చెప్త."

చాప పరిచారు. నేను పక్కకు ఒరిగాను. తొమ్మిదేళ్లప్పుడు తను ఈ ఇంటికి కోడలిగా వచ్చిన సంగతి ఎత్తుకుంది ఆవిడ. మేనాలో తన ఒళ్లో పుట్టింటి చిలుక పంజరం. దారిలో బోయీలు మేనా దించినప్పుడు పంజరం తలుపు తెరుచుకుందట, చిలుక ఎగిరి నేరుగా...

కళ్లు తెరిచేసరికి ఎండ పందిరి దాటిపోయింది. ఆవిడ నా మీద ఈగలు తోలుతూ కూర్చుంది. "ఏడిదాక విన్నవే?"

"చిలుక ఎగిరిందాక."

"ఓ నీ పాడుగాను! కథంతా ఆడికెల్లే గదనే!"

ఆ తర్వాత ఎన్నో గురువారాలు చెప్పించుకున్నాను. ఏ ఒక్కసారీ చిలుక ఎగరడం దాటి మెలకువగా ఉండలేకపోయాను. ఆవిడ పోయి చాలా ఏళ్లయింది. కోడళ్లను అడిగితే ముగ్గురూ మూడు రకాలుగా చెప్పారు. నా దగ్గర ఇంకో నాలుగున్నాయి, అవి నా మాటలు. అసలు ఆ చిలుక ఎటు పోయిందో నాకు ఇప్పటికీ తెలియదు.