సుబ్బరత్నమ్మ గారి వన్ బై టూ కోర్సు

కొత్తమాసు సుబ్బరత్నమ్మ గారికి దేనినీ ఒంటరిగా అనుభవించే అలవాటు లేదు. టీ అయినా, పుచ్చకాయ అయినా, ఆటో అయినా వన్ బై టూ కావలసిందే. పిడుగురాళ్లలో కొత్తగా క్లినిక్ తెరిచిన డాక్టర్ అర్చనకు ఈ సంగతి తొలి పరిచయంలోనే తెలిసింది. ఆవిడ గదిలోకి ఒంటరిగా రాలేదు. వరుసలో పక్కన కూర్చున్న అపరిచితురాలిని చెయ్యి పట్టుకుని వెంటబెట్టుకొచ్చింది.

"ఇద్దరికీ కలిపి ఒకటే చీటీ రాయించామమ్మా. నాకు మూత్రంలో మంట, ఈమెకి మోకాళ్ళ నొప్పులు. వన్ బై టూ చూసెయ్."

"అలా కుదరదండీ."

"ఏం? కవలలు పుడితే రెండు కాన్పులని రాస్తారా ఏంది?"

డాక్టరమ్మ ఇద్దరికీ విడివిడిగా చీటీలు రాసుకుంది.

బజారు దీనికి పిసినారితనమని పేరు పెట్టింది. పుచ్చకాయల బండి దగ్గర భాగస్వామి దొరికేవరకు ఆవిడ ఎండలో నిలబడేది. ఎడమకాలి చెప్పుకు మాత్రం వాటాదారు దొరకక పూర్తి జత కొనవలసి వచ్చిందని చెప్పుల కొట్టు మస్తాన్‌రావు ప్రమాణం చేసి చెబుతాడు.

పరీక్షలో మూత్రనాళంలో ఇన్ఫెక్షన్ ఉన్నట్లు తేలింది. డాక్టరమ్మ సెఫిక్సైమ్ మాత్రలు రాసింది.

"వారం రోజులు, పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. మంట తగ్గినా మానకూడదు."

"మొత్తం అయిపోవాల, అంతేగా? అయిపోతాయిలే."

వారం తిరగగానే, రోళ్ళు పగిలే ఎండలో, ఆవిడ శాలువా కప్పుకుని వణుకుతూ వచ్చింది.

"మాత్రలు పూర్తయ్యాయా?"

"ఒక్కటి మిగిలితే ఒట్టు."

"అన్నీ మీరే వేసుకున్నారా?"

సుబ్బరత్నమ్మ గారు తిరుగుతున్న ఫ్యాను వంక శ్రద్ధగా చూసింది. "వన్ బై టూ..."

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. "మందులు పంచుకుంటారా! సగం మందుకు సూక్ష్మజీవులు చావవు, మొండికెత్తుతాయి. ఎవరా రెండో మనిషి?"

"చెప్పను. మాటిచ్చా."

"ఆ మనిషికీ జబ్బు తిరగబెట్టొచ్చు."

"తిరగబెడితే ఎట్టా? పిల్లకి ఐదో నెల..." అని ఆవిడ నాలుక కరుచుకుంది.

డాక్టరమ్మ లేచి నిలబడింది. "గర్భిణికి ఇది ముదిరితే కిడ్నీల దాకా పోతుంది. నెలలు నిండకుండానే కాన్పు కావచ్చు. రేపు ఆ అమ్మాయి ఇక్కడ ఉండాలి."

"అయ్యో, మేలు చేశాననుకున్నానే!" అంది సుబ్బరత్నమ్మ గారు.

మరునాడు పక్కింటి కోడలు హరిత భుజం ఆసరాగా పట్టుకుని ఆవిడ క్లినిక్ ముందు ఆటో దిగింది. వెనకాలే హరిత అత్తగారు ప్రమీలమ్మ. "కడుపుతో ఉన్న పిల్లే దొరికిందా అక్కా నీ ఊతకి?" అని ఆమె బయట బల్ల మీద కూర్చుంది.

లోపల హరిత కంటనీరు పెట్టుకుంది. "తెలిస్తే, ఎక్కణ్ణించి తెచ్చుకున్నావే ఈ జబ్బు అంటుందండీ మా అత్త. ఏం చెప్పను?"

"గర్భిణులకు ఇది మామూలేనమ్మా. ఎవరి తప్పూ కాదు. జ్వరం లేదు, బిడ్డ గుండె చక్కగా కొట్టుకుంటోంది. సగం మాత్రలతో ఇంత నయంగా ఉండటమే వింత."

"సగం కాదండీ. ఈవిడ ఇచ్చిన పొట్లం విప్పి చూస్తే ముప్పావు వంతు నాకే ఉన్నాయి. పుచ్చకాయ కోసినా అంతే, పెద్ద ముక్క మా ఇంటికే వస్తది."

డాక్టరమ్మ తల తిప్పింది. సుబ్బరత్నమ్మ గారు శాలువా సర్దుకుంది. "మొత్తం ఇస్తే ఎవరు తీసుకుంటారమ్మా, మొహమాటపడతారు. సగమంటే చెయ్యి చాపుతారు."

ఏ మందుకు లొంగుతుందో తేల్చడానికి ఇద్దరి మూత్రం కల్చర్ పరీక్షకు వెళ్ళింది. ఇద్దరికీ విడివిడిగా పూర్తి కోర్సులు వచ్చాయి. తొలి మాత్ర డాక్టరమ్మ ఎదుటే మింగవలసి వచ్చింది. ఆ కోర్సులు సక్రమంగా పూర్తయి, జబ్బులు నయమై, ఆవిడకు మళ్ళీ క్లినిక్ అవసరం కలగలేదు. కనుక డాక్టరమ్మను ఆవిడ చివరిగా కోరినది, అత్తకు సంగతి చెప్పడానికి హరిత సరేనన్నాక, ఆ రోజు ప్రమీలమ్మను లోపలికి పిలవబోతుండగా గుసగుసగా చెప్పిన మాటే.

"అమ్మా, ఆ జబ్బు నా దగ్గర్నించే అంటుకుందని చెప్పు."

"ఇది అంటుకునేది కాదండీ."

"ప్రమీలకి తెలవదుగా. తిట్లన్నీ నన్నే తిట్టనీ."

"వన్ బై టూ వద్దా?" డాక్టరమ్మ నవ్వు ఆపుకుంది.

"వొద్దు తల్లీ! ఇందులో పిల్లకి వాటా లేదు. మొత్తం నాకే రాయి."