ఒకటో నంబరు ఎవరిది

మా నాయన తిరుపతి దగ్గర ఒక చిన్న గుడిలో రోజూ గోష్ఠిలో, అంటే స్వామి ముందు వైష్ణవులు నిలబడే వరసలో, ఆళ్వార్ల ప్రబంధం చదివేవాడు. చదవడం అయ్యాక తీర్థం ఎవరికి ముందు, ఎవరికి తర్వాత అన్న దాని మీద అక్కడ జరిగినన్ని తగాదాలు పొలం గట్ల మీద కూడా జరిగి ఉండవు. మొదటి తీర్థం తప్పిందని అన్నదమ్ములు మాటలు మానేసిన ఇళ్ళు నాకు తెలుసు. అదంతా పాతకాలపు పిచ్చి అనుకునేవాణ్ణి. కంప్యూటర్ల ఉద్యోగంలో చేరాక కూడా అది నా వెంట వస్తుందని, దానివల్ల ఒక మనిషి బతుకు చెడగొడతానని అనుకోలేదు.

ఏర్పేడు వెళ్ళే దారిలో ఒక ప్రైవేటు కాలేజీలో నెట్‌వర్క్ పని చూసేవాణ్ణి. ల్యాబు బాధ్యత ఒక అమ్మాయిది. నగరి వైపు నుంచి వచ్చింది, మరమగ్గాల ఇల్లు. కాంట్రాక్టు ఉద్యోగం. నెట్‌వర్క్ పని నేర్చుకుంటే పర్మనెంటు చేస్తారని ఎవరో అన్నారట, ఆ మాట పట్టుకుని మధ్యాహ్నం క్యారియర్లు మూసేశాక నన్ను కదలనిచ్చేది కాదు.

ఆమెకు మొదట చెప్పిన పాఠం ఇది. ప్రతి కంప్యూటరుకూ చుక్కలతో విడదీసిన నాలుగు సంఖ్యల అడ్రసు ఉంటుంది. మా కాలేజీలో మొదటి మూడూ అన్నింటికీ ఒకటే, 192.168.10. అది వీధి పేరు. నాలుగోది ఇంటి నంబరు. ఎంతవరకు వీధి, ఎక్కడి నుంచి ఇల్లు అని చెప్పేది మాస్కు. ఇంటి నంబర్లు సున్నా నుంచి 255 దాకా ఉన్నా, సున్నా వీధికే చెందుతుంది, 255 వీధి మొత్తాన్నీ ఒక్కసారే పిలవడానికి. ఆ రెండూ ఎవరికీ ఇవ్వకూడదు. మిగిలేవి 254. వీధి దాటి బయటికి, అంటే ఇంటర్నెట్‌కి పోవాలంటే గేట్‌వే గుండా పోవాలి. గేట్‌వే అంటే మా రూటరే. దానికి ఒకటో నంబరు ఇవ్వడం వాడుక, అంతే తప్ప రూలేమీ కాదు.

"వేరే నంబరు ఇయ్యొచ్చా అన్నా?" అని అడిగింది.

"ఇయ్యొచ్చు. కానీ గేట్‌వే ఫలానా నంబరని ప్రతి కంప్యూటర్లో రాసి పెట్టుండాం. ఆడ మారిస్తే అన్నిట్లోనూ మార్చాల."

ఆమె విని ఊరుకునే రకం కాదు. వారం తిరిగేసరికి మా వీధిని కాగితం మీద నాలుగు ముక్కలు చేసుకొచ్చింది. ముక్కకు అరవై నాలుగు. మొదటిదీ చివరిదీ తీసేస్తే అరవై రెండు. "ల్యాబులో ఉండేటివి అరవై. గేట్‌వేకి ఒకటి. ఇంకొకటి మిగల్తాది గూడా. ల్యాబును వేరే ముక్క చేస్తే ఆఫీసోళ్ళ తంటా మనకుండదు గదన్నా." లెక్కలో తప్పు కోసం వెతికాను. దొరకలేదు. దొరకనందుకు కొంచెం మంటగా కూడా అనిపించింది. సెలవుల్లో చేద్దాంలే అన్నాను. సెలవులు వచ్చాయి, పోయాయి.

కాలేజీ వ్యవహారాలన్నీ చూసే పెద్దాయన ఒక సాయంత్రం సర్వర్ గదికి వచ్చాడు. గోడకు అంటించిన అడ్రసుల పట్టిక పైనుంచి కిందిదాకా చదివాడు. ఆయన ల్యాప్‌టాప్ 87లో ఉంది.

"ఒకటి ఎవురిదప్పా?"

"రూటరుది సార్."

"పెట్టెకా? రేపు కంపెనీ వాళ్ళొస్తారు, ఈ గది చూస్తారు. ఒకటి నాకు పెట్టు."

కుదరదు సార్ అంటే సరిపోయేది. సరే సార్ అన్నాను. గుడిలో ధర్మకర్త ముందు వంగిన మా నాయన నడుమే నాకూ వచ్చినట్టుంది. రూటరును 254కు మార్చి, ఒకటి ఆయన ల్యాప్‌టాప్‌కు పెట్టాను. ఆఫీసులోని పదీ పన్నెండు కంప్యూటర్లలో గేట్‌వే నంబరు నా చేత్తోనే మార్చాను. ల్యాబుకు అప్పటికే తాళం పడింది, ఆమె బస్సెక్కేసింది. ఎలాగూ పొద్దున ఎనిమిదికే వస్తుంది, ఫోను చేసి చెబితే పదికల్లా అరవయ్యీ మార్చేస్తుంది అనుకున్నాను.

మర్నాడు నాకు సెలవు. చిత్తూరులో మేనత్త కూతురి పెళ్ళి. మొదటి బస్సుకే వెళ్ళిపోయాను. ఫోను చేయడం మరిచిపోయాను. దీనికి సాకేమీ లేదు.

ఆ రోజు పది గంటలకు ల్యాబులో ఆ కంపెనీ వాళ్ళ ఆన్‌లైన్ పరీక్ష. ఉద్యోగాల పరీక్ష. చివరి ఏడాది పిల్లలు అరవై మంది ఇస్త్రీ బట్టల్లో వచ్చి కూర్చున్నారు. ఒక్క కంప్యూటర్లోనూ పేజీ తెరుచుకోలేదు. ఆమె కేబుళ్ళు పీకి మళ్ళీ పెట్టింది, స్విచ్చులు ఆపి మళ్ళీ వేసింది. గేట్‌వే పలుకుతుందో లేదో చూడటానికి, నేను నేర్పినట్టే, ఒకటో నంబరును పలకరించింది. జవాబు వచ్చింది. రాదా మరి? పెద్దాయన గదిలో ల్యాప్‌టాప్ తెరిచే ఉంది. గేట్‌వే బాగానే ఉందనుకుని పాపం మిగతావన్నీ వెతికింది. నాకు పదిహేడుసార్లు ఫోను చేసింది. మేళం హోరులో నాకు వినపడలేదు. రెండు గంటలు చూసి కంపెనీ వాళ్ళు వెళ్ళిపోయారు. ఇంకో తారీఖు ఇవ్వలేదు.

మరుసటి రోజు పెద్దాయన ముందు ఇద్దరం నిలబడ్డాం. ల్యాబు కంప్యూటర్లలో ఇంకా పాత గేట్‌వే నంబరే ఉందని అప్పటికి తేలిపోయింది. ల్యాబులో నంబరు ఎందుకు మార్చలేదని ఆయన నన్ను అడిగాడు.

"ఆయమ్మకు చెప్పినా సార్" అన్నాను.

ముందుగా అనుకున్న మాట కాదు. వచ్చేసింది. వెనక్కి తీసుకోవడానికి బోలెడంత సమయం ఉంది, తీసుకోలేదు.

"నాకు చెప్పలేదు సార్" అంది ఆమె.

"తిరునామం పెట్టుకున్నోడు అబద్ధం చెప్తాడామ్మా? వాళ్ళ నాయన్ను నేనెరుగుదును. నువ్వే మరిచిపోయుంటావు, బాగా గుర్తు చేసుకో."

ఆమె నా వైపు తిరిగింది. కోపం లేదు. నిజంగానే గుర్తు చేసుకుంటోంది. "ఎప్పుడు చెప్పినావన్నా?" అని మెల్లగా అడిగింది.

"సాయంత్రం. నువ్వు బస్సుకు పోయేటప్పుడు." రెండో అబద్ధానికి నోరు తడబడను కూడా లేదు.

నెలాఖరుకు ఆమెను రావద్దన్నారు. తర్వాతి సెలవుల్లో నేను నెట్‌వర్కును నాలుగు ముక్కలు చేశాను, అచ్చం ఆమె కాగితం మీద వేసినట్టే. పెద్దాయన అందరిముందూ మెచ్చుకున్నాడు. ఆఫీసు ముక్కలో ఒకటో నంబరు ఇప్పటికీ ఆయనదే.

పోయిన ఏడాది నగరి బస్టాండులో ఆమె కనిపించింది. తప్పించుకుందామనుకునేలోపే దగ్గరికొచ్చి "బాగుండావా అన్నా?" అంది. ఆ పలకరింపులో ఎత్తిపొడుపు ఉంటే నాకు తేలిగ్గా ఉండేది. లేదు. ఒక బట్టల అంగట్లో చీరలు మడతపెట్టే పని చేస్తోందట. కంప్యూటర్ పని చూసుకోలేదా, నీకు బాగా వచ్చు గదా అని అడిగాను. సిగ్గులేని ప్రశ్న.

"బిల్లింగు కాడ కూర్చోమన్నారన్నా, నేనే వద్దంటి. భయం నాకు. ఏందో ఒకటి మరిచిపోతా. ఆ పొద్దు నువ్వు చెప్పేవుంటావు. ముందు లేదనుకున్నా. ఎన్నో దినాలు తలుచుకున్నా. నేను బస్సుకు ఉరుకుతా ఉంటే ఎనకనించి నువ్వేందో అన్నట్టు ఇప్పుడు గుర్తొస్తాది. అరవై మంది పిలకాయల నోట మన్ను కొడితి. నీకూ మాట తెస్తి. ఏమనుకోబాకన్నా."

నేను చెప్పలేదు. ఆ మాట అంటే చాలు. మా బస్సులు రెండూ ఇంకా రాలేదు, చుట్టూ మమ్మల్ని ఎరిగినవాళ్ళు ఎవరూ లేరు. నా ఉద్యోగానికి వచ్చే నష్టమూ లేదు.

"పోనీలేమ్మా" అన్నాను. "మరుపు ఎవురికైనా ఉంటాది."