దీపం ముందు సర్దార్

బందరు చిలకలపూడిలో రోల్డుగోల్డు నగలు చేసే కొట్లలో సర్దార్‌ని ఎరగనివాడు లేడు. పనితనం వల్ల కొంత, ప్రశ్నల వల్ల మరింత. వెలిగారం పొడి అద్దితే కరిగిన టంకం ఎందుకు అలా పరిగెడుతుంది, మంట అంచు నీలంగా ఎందుకుంటుంది అని అడిగి అడిగి తోటివాళ్ల ప్రాణం తీసేవాడు. "ముందు పని కానీ బావా, పరీక్ష తర్వాత పెడుదువుగాని" అని నవ్వేవాడు బావమరిది బాజి. ఆ కుర్రాడు పని నేర్చుకున్నది సర్దార్ పక్క పీట మీద కూర్చునే.

సర్దార్ చేసేది అతుకుపని. ఇత్తడి ఊదుగొట్టం నోట పెట్టుకుని, దీపం మంటను సన్నగా సాగదీసి గొలుసు కొక్కేల మీదికి మళ్లించాలి. మధ్యలో మంట తెగకూడదు. అందుకని బుగ్గల్లో గాలి నిలవ ఉంచుకుని అది బయటికి పోతుండగానే ముక్కుతో కొత్త గాలి పీల్చుకోవాలి. కొత్తగా నేర్చుకునేవాళ్లకి కళ్లు తిరుగుతాయి. సర్దార్ మాత్రం ఊదుతూనే కళ్లతో కబుర్లు చెప్పేవాడు.

అలాంటివాడు ఉప్పెన తర్వాత ఊదలేకపోయాడు.

డెబ్బై ఏడు నవంబరులో నగల పెట్టె సైకిలుకి కట్టుకుని బావా బావమరుదులిద్దరూ అమ్మకానికి దివిసీమ వెళ్లారు. సముద్రం ఊళ్ల మీద పడింది. ఒళ్లంతా తుమ్మముళ్లు గీరుకుపోయి సర్దార్ ఒక్కడే బందరు తిరిగొచ్చాడు. "ఆ పొద్దున్నే విడిపోయాం, బాజి నాగాయలంక వైపు వెళ్లాడు" అని ఇంట్లో చెప్పాడు. బాజి శవం దొరకలేదు. అతని అక్క మజీదా, అంటే సర్దార్ భార్య, ఆ ఒక్క మాట పట్టుకుని కూర్చుంది. తమ్ముడు ఏ ఊళ్లోనో ప్రాణాలతో ఉండి ఉంటాడు, ఏ వేళకైనా వస్తాడు అనుకుని రాత్రిళ్లు తలుపు గడియ వెయ్యడం మానేసింది.

గొట్టం నోట పెడితే చాలు, సర్దార్ ఛాతీ బిగుసుకుపోయేది. ఉబ్బసమన్నాడు ఒక వైద్యుడు. గాలి సోకిందన్నారు ఇరుగుపొరుగువాళ్లు, తాయెత్తు కట్టించారు. షావుకారు మంచివాడే గానీ ఆయన ఓపికకీ ఒక హద్దుంది కదా! "పెళ్లిళ్ల పని మీద పడుతోంది సర్దారూ. వేసవిలోగా ఊదగలిగితే పీట నీదే. లేకపోతే ఇంకొకణ్ణి కూర్చోబెట్టాలి, ఏమీ అనుకోకు" అన్నాడు. పీట పోతే సర్దార్‌కి కూడుతో పాటు తనెవరో కూడా పోయినట్టే.

అప్పుడే ఎవరో గుడివాడ సంగతి చెప్పారు. ఉప్పెనలో దెబ్బతిన్నవాళ్ల కోసం ఒక సేవాసంఘం అక్కడ రెండు గదులు తీసుకుంది. ఒక గదిలో గుంటూరు నుంచి వారం వారం వచ్చే మనసు డాక్టరు ఇందిర గారు మనుషుల చేత మాట్లాడించేవారు. పక్క గదిలో రిటైరైన డ్రిల్లు మాస్టారు సోమేశ్వరరావు గారు ప్రాణాయామం చేయించేవారు. సర్దార్ పాసింజరెక్కి వెళ్లాడు. జబ్బు నయమవుతుందన్న ఆశ కంటే అక్కడేం చేస్తారో చూడాలన్న కుతూహలమే అతన్ని తీసుకెళ్లిందంటే తప్పు కాదు.

వెళ్లీ వెళ్లగానే మొదలుపెట్టాడు. "ముక్కు మూసుకుంటే మనసెలా బాగవుతుందమ్మా?"

"నాకూ పూర్తిగా తెలీదండీ. భయపడ్డప్పుడు ఊపిరి మారుతుంది గదా, ఊపిరి మారిస్తే భయం మారుతుందేమోనని చూస్తున్నాం" అన్నారు ఇందిర గారు. తెలీదని ఒప్పుకున్న డాక్టర్ని సర్దార్ అంతకుముందు చూడలేదు. ఆమె మీద అతనికి అక్కడే గురి కుదిరింది.

"మరి నేను సాయిబుని, ఓం అనాలా?" అని మాస్టార్ని అడిగాడు.

"అనక్కర్లేదయ్యా. తుమ్మెదలాగా ఊఁ అను చాలు" అన్నారు మాస్టారు.

ఊపిరి అందట్లేదని సర్దార్ చెప్పాడు కాబట్టి మాస్టారు గుండె నిండా పీల్చడం నేర్పారు. ఎవరైనా అదే చేస్తారు. కానీ పీల్చిన కొద్దీ సర్దార్‌కి మరీ ఉక్కిరిబిక్కిరి అయ్యేది. డాక్టరు గారి గదిలో ఆ రోజు సంగతి ఎత్తితే, ముళ్ల గురించీ నీళ్ల రంగు గురించీ ఎంతైనా చెప్పేవాడు, బాజి పేరు దగ్గరికొచ్చేసరికి అక్కడితో ఆపేసేవాడు. అటు ఊపిరీ కుదరలేదు, ఇటు మాటా కుదరలేదు.

ఇంటికెళ్తే మజీదా ఎప్పుడూ అదే అడిగేది. "గుడివాడలో ఎవరైనా బాజి ఊసు చెప్పారా?"

ఒకనాటి సాయంత్రం సర్దార్‌కి తన ఊపిరి మీదే అనుమానం వచ్చింది. దీపం వెలిగించి ముఖం ముందు పెట్టుకుని కూర్చున్నాడు. పీల్చినప్పుడు మంట అతని వైపు ఒరిగింది. వదిలినప్పుడు కదల్లేదు. మళ్లీ చూశాడు. లోపలికి బాగానే వెళ్తోంది, బయటికే రావడం లేదు! తన జబ్బే అయినా భలే వింతగా ఉందే అనిపించింది.

మళ్లీ వారం ఆ సంగతి చెబితే మాస్టారు తొడ చరుచుకున్నారు. "అయితే నిండిన బిందెలో నీళ్లు పోయిస్తున్నానన్నమాట!" ఇందిర గారు మాత్రం నవ్వలేదు. మెల్లగా అడిగారు.

"సర్దార్ గారూ, మీరు ఊపిరంతా బయటికి వదిలింది ఆఖరుసారి ఎప్పుడు?"

సర్దార్ ఊపిరి బిగబట్టాడు. మాస్టారు పక్కకొచ్చి కూర్చున్నారు. "ఒక్క ముక్క చెప్పు. ఊఁ అంటూ వదులు. తర్వాత ఇంకో ముక్క" అన్నారు. అలా ముక్కలు ముక్కలుగా వచ్చింది అసలు సంగతి.

ఆ రోజు ఇద్దరూ కలిసే ఉన్నారు. ఒకే తుమ్మచెట్టు. బాజి చెయ్యి సర్దార్ చేతిలో ఉంది. అల తల మీద నుంచి పోతుంటే ఊపిరి బిగబట్టాడు. తల పైకి తేలగానే ఉన్న ఊపిరంతా పెట్టి "బాజీ!" అని అరిచాడు. చూస్తే చేతిలో చెయ్యి లేదు.

"నేనరిచానమ్మా. అరిచినప్పుడే పట్టు వదిలేసి ఉంటాను."

"ముందు జారింది చెయ్యా, ముందొచ్చింది అరుపా?"

"తెలీదు."

"ప్రతిదీ అడిగి తెలుసుకునే మనిషి మీరు. ఈ ఒక్కటీ తెలీకుండానే నేరం మీదేసుకున్నారు" అన్నారామె. నీ తప్పేం లేదనలేదు. అలా అని ఉంటే సర్దార్ నమ్మేవాడు కాడు.

ఆ రోజు గుడివాడలో ఛాతీ తేలికపడింది గానీ, మర్నాడు కొట్లో గొట్టం పట్టుకుంటే మళ్లీ మామూలే. ఎందుకో అతనికి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. చెప్పాల్సిన మనిషికి ఇంకా చెప్పలేదు.

సాయంత్రం ఇంటికొచ్చి దీపం ముందు కూర్చున్నాడు. మజీదా బియ్యం ఏరుతోంది. మాస్టారు చెప్పినట్టే ఒక్కో ముక్కా చెప్పి ఒక్కో ఊపిరి వదిలాడు. కలిసే ఉన్నామన్నాడు. చెట్టు సంగతి చెప్పాడు, చెయ్యి సంగతి చెప్పాడు, పేరు పెట్టి అరిచిన సంగతీ చెప్పాడు. ఏరుతున్న మజీదా చేతులు ఆగిపోయాయి.

"ఇన్నాళ్లూ గడియ వెయ్యకుండా పడుకున్నానే! చూస్తూ ఊరుకున్నారా మీరు?" అని చేట విసిరికొట్టింది. బియ్యం గదంతా చిమ్మాయి. ఆమె అంతలా ఏడవడం ఉప్పెన వచ్చాక అదే మొదలు. ఇన్నాళ్లూ ఏడిస్తే తమ్ముడు లేడని ఒప్పుకున్నట్టవుతుందని బిగబట్టుకుంది పిచ్చిది.

చాలాసేపటికి కొంగుతో ముఖం తుడుచుకుని అడిగింది. "ఎలా పిలిచారు వాణ్ణి?"

సర్దార్ ఛాతీ బిగిసింది. పీల్చాడు. మంట అతని వైపు ఒరిగింది. ఒక్క క్షణం భయపడి, ఉన్నదంతా వదిలేశాడు.

"బాజీ!"

దీపం ఆరిపోయింది. చీకట్లో అతని ఊపిరి వస్తూ పోతూ ఉండటం ఇద్దరికీ వినిపించింది. మజీదా లేచింది. బియ్యం మీద నడుచుకుంటూ వెళ్లి తలుపు గడియ వేసింది. తిరిగొచ్చి అగ్గిపుల్ల గీసి, దీపం వెలిగించి, మళ్లీ అతని ముందే పెట్టింది.

"ఇంకోసారి పిలవండి" అంది. "ఈసారి నేనూ పిలుస్తాను."