అత్తమ్మకు నేను చెప్పిన ఇటలీ కథ

ఆ సీరియల్‌లో ఎవరికి ఎప్పుడు విషం పెడతారో నాకు ముందే తెలిసిపోయేది. ఎవరి చేతికైనా వెండి గ్లాసు అందించి అందరూ మాటలు ఆపేస్తే చాలు, సోఫాలో ముందుకు జరిగేదాన్ని. ఐదారు వందల ఏళ్ల కిందటి ఇటలీ. ఊరిని గుప్పిట్లో పెట్టుకున్న ఒక పెద్ద వ్యాపార కుటుంబం. పొద్దున కౌగిలించుకున్నవాళ్లే సాయంత్రానికి కత్తులు దూసేవారు. వాళ్ల పట్టుబట్టలు, పాలరాతి మేడలు నాకు పట్టలేదు. ద్రోహం చేసినవాడి మొహం దొరికిపోయిన రోజున ఎలా మారుతుందో చూడాలని ఉండేది. అక్కడ మా బావగారి మొహం పెట్టుకుని చూసేదాన్ని.

బావగారంటే మా ఆయనకు అన్న. ఉస్మాన్‌గంజ్‌లో మాది మిర్చి, పసుపు హోల్‌సేల్ దుకాణం. మామగారు పోయాక అన్నదమ్ములిద్దరూ నడిపారు. ఒక ఏడాది బావగారు వానకు తడిసి బూజు పట్టిన మిర్చి చవగ్గా తెచ్చి, రంగు కలిపి కారం పట్టించారు. పెళ్లిళ్లకు వంటలు చేసే పాత గిరాకీ ఒకాయన ఆ కారం తెచ్చి మా మెట్ల మీద కుమ్మరించి తిట్టాడు. బజారంతా చేరింది.

"నాకేం తెల్వది భాయ్, సరుకు చూసేది మా తమ్ముడు" అన్నారు బావగారు, కళ్లు కూడా ఆర్పకుండా.

మా ఆయన అన్న మొహం చూసి ఊరుకున్నారు. ఊరుకోవడమే ఒప్పుకున్నట్టయింది. కల్తీగాడన్న పేరు మోసుకుని బయటికొచ్చారు. చిన్నప్పటి నుంచి గల్లాపెట్టె ముందు కూర్చున్న మనిషి, సైదాబాద్‌లో ఎవరిదో కిరాణా కొట్టులో నిలబడి పొట్లాలు కట్టసాగారు.

మేం సంతోష్‌నగర్‌లో అద్దెకు దిగాం. అత్తమ్మ మాత్రం పెద్దకొడుకుతో దుకాణం పైనున్న ఇంట్లోనే ఉండిపోయింది. ఒక వేసవిలో మోకాళ్ల నొప్పులు ముదిరి, మెట్లు ఎక్కలేక, కొన్నాళ్లుందామని మా ఇంటికి వచ్చింది. మధ్యాహ్నాలు మా ఇద్దరికీ ఆ సీరియలే కాలక్షేపం. అది ఇంగ్లీషులో వచ్చేది. అత్తమ్మకు ఉర్దూ, హిందీ గడగడా వచ్చుగానీ ఇంగ్లీషు రాదు. నేనే చెప్పాలి.

"గా ఎర్ర జుబ్బలోళ్లు ఎవరే?"

"పోపు మనుషులు అత్తమ్మా. పోపంటే వాళ్ల మతానికి పెద్ద."

"పోపా! మన తాన ఆవాలు, జీలకర్ర కొంటడా ఏంది?" అని కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. ఆ తర్వాత మాత్రం రోజూ నాకంటే ముందే వచ్చి టీవీ ముందు కూర్చునేది.

ఒకరోజు ఆ కుటుంబంలో పెద్దన్న తమ్ముడి భుజం మీద చెయ్యి వేసి, భయపడకు, నేనున్నానని ధైర్యం చెబుతున్నాడు.

"ఏమంటున్నడు బిడ్డా?"

"తప్పు చేసింది నేనే గని నీ మీద పెడ్త, నోర్మూస్కో అంటున్నడు అత్తమ్మా" అన్నాను.

ఆ రోజు నుంచి కథ నా చేతికి వచ్చింది. ఆ పెద్దన్న చేసిన ప్రతి మంచిపనినీ మోసంగా మార్చి చెప్పాను. ఎన్నాళ్లుగానో గొంతులో ఇరుక్కున్నదంతా మాటగా బయటికి వస్తుంటే ఎంత హాయిగా ఉండేదో!

మరో రోజు ఆ అన్నదమ్ముల తల్లి కొవ్వొత్తులు వెలిగించి ప్రార్థన చేస్తోంది.

"గామెకు తెల్వదా, చిన్నోడు తప్పు చెయ్యలేదని?" అని అడిగింది అత్తమ్మ.

"తెల్సు. గని పెద్దకొడుకు ఇంట్ల ఉంటది గద. ఎట్ల మాట్లాడ్తది?"

టీవీ వైపు కాదు, ఆవిడ వైపే చూస్తూ అన్నాను. ఆవిడ చాయ్ సగంలోనే వదిలేసి కప్పు కింద పెట్టింది. నాకు జాలి కలగలేదు. మర్నాడే బట్టలు సర్దుకుని ఆటోలో వెళ్లిపోయింది.

"అమ్మ గట్ల ఎందుకు పోయింది? ఏమన్నా అన్నవా?" అని మా ఆయన అడిగారు.

"ఏమనలే. టీవీ చూసినం."

దీపావళికి అత్తమ్మ నుంచి ఫోన్ వచ్చింది. "దుకాణంల పూజకు మీరిద్దరు రావాలె. రాకుంటే నేను హారతి పట్ట." మా ఆయనకు కాలు కదల్లేదు. నేను మాత్రం పెళ్లిపట్టుచీర కట్టుకుని బయల్దేరదీశాను.

దుకాణం నిండా బంతిపూలు, చుట్టుపక్కల వ్యాపారులు. తోటికోడలు మమ్మల్ని చూసి మొహం తిప్పుకుంది. బావగారు హారతి పళ్లెం అందిస్తే అత్తమ్మ పట్టుకోలేదు.

"అబద్ధం పెట్టుకొని లక్ష్మికి హారతి ఇయ్య. ఆ బూజు మిర్చి దిగినప్పుడు నేను పైన నిలవడి చూసిన. బస్తాలు దించిచ్చింది పెద్దోడు. చిన్నోడు ఆ దినం ఊర్లనే లేడు. ఇన్నొద్దులు నోరు మూస్కున్న" అంది, అందరికీ వినబడేలా.

"అమ్మా, పండుగ పూట గీ లొల్లి ఏంది?" అన్నారు బావగారు. పెదవి మీద చెమట పట్టింది. నేను చూడాలనుకున్న మొహం అదే. రెప్ప వాల్చకుండా, తనివితీరా చూశాను. పక్క దుకాణం పెద్దాయన, "సగే భాయ్ కే సాత్ ఐసా కర్తే క్యా?" సొంత తమ్ముడికే ఇలా చేస్తారా అని, ప్రసాదం కూడా తీసుకోకుండా మెట్లు దిగాడు. ఆయన వెనకే ఒక్కొక్కరూ జారుకున్నారు.

అత్తమ్మ మాతో వచ్చేసింది. ఆటోలో నా చెవి దగ్గరికి వంగి, "మీ బావ బిడ్డ ఆ కథను నాకు హిందీల చూపిచ్చిందే. అండ్ల పెద్దోడు మంచోడేనట గద!" అంది. "అయినా నువ్వు చెప్పిందే బాగుండె" అని నా మోకాలు తట్టింది.

గిరాకీ తగ్గాక బావగారు మా ఇంటికి వచ్చారు, తమ్ముణ్ని మళ్లీ దుకాణానికి రమ్మని. మా ఆయన అప్పటికే కరిగిపోతున్నారు. అంతవరకూ బావగారితో ఎదురుపడి మాట్లాడని నేను గుమ్మంలోకి వచ్చాను.

"తప్పు మీదని బజారుల అందరి ముందట చెప్పుండ్రి బావా. రావుడు సంగతి తర్వాత."

"ఇగ చాలు తియ్యవే" అన్నారు మా ఆయన. నాకు చాలలేదు, ఇప్పటికీ చాలలేదు. బావగారు లేచి చెప్పులు వేసుకుంటుంటే, మంచం మీంచి అత్తమ్మ నా వైపు చూసింది. కొడుకును ఆపమంటుందేమో అనుకున్నాను. అనలేదు.