రంగు దాచుకున్న వీధి

ఆ పొద్దు కూడా అన్ని పొద్దుల్లాగే తెల్లవారింది. గద్వాలలో మా పుట్టింట్లో చిన్నాయన లేచి వాకిట్లో నీళ్లు చల్లాడు. అది ఆడవాళ్ల పని అని ఎవరన్నా వినేవాడు కాదు. బావిలో చేద వేసి తోడుకుని స్నానం చేశాడు. గోళ్ల సందుల్లో ఎప్పటికీ వదలని రంగును కొబ్బరిపీచుతో రుద్దుకున్నాడు. ఒక గ్లాసు బావినీళ్లు తాగి, అరుగు మీద గోడకు ఆనుకుని కూర్చున్నాడు. చిన్నమ్మ చాయ్ తెచ్చేసరికి ప్రాణం లేదు.

వనపర్తిలో నేను దీపం పెడుతుండగా తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, చిన్నాయన పోయిండు. ఏం బాధపడలే. కూసున్నోడు కూసున్నట్టే పోయిండు." ఏడుపు వచ్చింది. దాని వెనకే ఊరట కూడా వచ్చింది. బస్సు బీచుపల్లి దగ్గర కృష్ణ దాటుతుంటే కిటికీలోంచే చేతులు జోడించాను.

నాన్న పోయాక మమ్మల్ని పెంచింది చిన్నాయనే. గద్వాల చీరల నూలుకు, పట్టుకు రంగులద్దే పని ఆయనది. తమ్ముడికీ అదే నేర్పాడు. ఏ విషయంలో తొందరపడినా "జర ఆగు బిడ్డా, రంగు పట్టనియ్యి" అనేవాడు. నా పెళ్లి చూపులప్పుడూ అదే మాట.

మా వీధిలో అద్దకం ఇళ్లకు ఒక అలవాటుండేది. ఎవరి రంగు వాళ్ల గుట్టు. మిగిలిన రంగునీళ్లు వీధి మోరీలో పోస్తే, ఈ పెళ్లిళ్ల కాలానికి ఏ రంగు కలిపారో ఎదుటింటికి తెలిసిపోతుంది. అందుకని ప్రతి ఇల్లూ పెరట్లో గుంత తవ్వుకుని, అందులో పోసి, తడిక కప్పేది. రంగు ఎవరి కంటా పడలేదు. కానీ నేలలోకి ఇంకింది. ఒక ఎండాకాలం మా చేదలో నీళ్లు లేత ఎరుపుగా వచ్చాయి. చిన్నమ్మ దేవుడి చెంబు బోర్లించి పెట్టేసింది. "గీ నీళ్లు సామికెట్ల పోస్త?" అంది. తాగే నీళ్లు బస్టాండు నుంచి బిందెలతో మోసుకొచ్చేవాళ్లు.

అప్పుడు అధికారులు వచ్చారు. ఇళ్లకు తాళాలు వేస్తారని అందరికీ గుబులు. వాళ్లు తాళాలు తేలేదు. అద్దకం వాళ్లందరినీ బడి వరండాలో కూర్చోబెట్టారు. ఊరి బయట ఉమ్మడి షెడ్డు, నీళ్లు శుభ్రం చేసే తొట్లు సర్కారు కట్టిస్తుంది. రంగులమ్మే కంపెనీ హాని తక్కువ రంగులిచ్చి వాడకం నేర్పుతుంది. అద్దకం వాళ్లు ఇళ్లలో రంగు పొయ్యిలు ఆర్పి, షెడ్డు తామే నడుపుకోవాలి. అదీ ఒప్పందం.

మా ఎదురింటాయన లేచాడు. "అందరం ఒక్కకాడ అద్దితె మా రంగు మందికి తెల్వదా సారూ?"

చిన్నాయన నవ్వాడు. "ఇప్పుడు తెల్వకుంట ఉన్నదా మామా? నీ రంగు మా బాయిల తేలింది, మా రంగు మీ బాయిల తేలింది. రోజు తాగుతనే ఉన్నం కద!"

వరండా అంతా నవ్వింది. ఎదురింటాయన మాత్రం "నీ నోట్ల మన్ను వడ" అంటూనే కూర్చున్నాడు.

షెడ్డు మొదలైన రోజు ఎవరూ పొయ్యి ముట్టించలేదు. ఒకరినొకరు చూసుకుంటూ నిలబడ్డారట. చిన్నాయన ముందుకెళ్లి, మా ఇంటి పేరు నిలబెట్టిన నేరేడుపండు రంగును అందరి ఎదుటే కలిపాడు. ఆ రోజే అక్కడ ఆయన మాట మీద ఒక కట్టుబాటు పెట్టుకున్నారు: చూడొచ్చు, కానీ ఒక ఇంటి రంగు ఇంకో ఇల్లు అద్దకూడదు.

బావి వెంటనే తేటపడలేదు. వానలు వచ్చి పోయాయి. చిన్నాయన రోజూ తెల్ల గిన్నెలో నీళ్లు పట్టి ఎండకు పెట్టి చూసేవాడు. నీళ్లు పరీక్ష చేసిన అధికారులు ఇక తాగొచ్చన్నాక మొదటి గ్లాసు ఆయనే తాగాడు. చిన్నమ్మ చెంబు తోమి, నింపి, దేవుడి ముందు పెట్టింది. నేను ఆ నీళ్లే తీర్థంగా తీసుకున్నాను.

దహనం చేసి వచ్చిన సాయంత్రం ఎదురింటాయన గడప అవతలే నిలబడ్డాడు. షెడ్డులో పెళ్లి చీరలకని మా ఇంటి నేరేడుపండు రంగులో వేసిన పట్టు సగం అద్దకంలో ఉంది. మైల పోయేదాకా తమ్ముడు రంగు తొట్టి ముట్టకూడదు. అన్నాళ్లుంటే పట్టు పాడవుతుంది.

"మీరు సరేనంటె నేనద్దుత. లేకుంటె ముట్ట. ఆయన పెట్టిన కట్టుబాటు నేనెట్ల తప్పుత?" అన్నాడు.

తమ్ముడు నా వైపు చూశాడు. నేను చిన్నమ్మ వైపు చూశాను. ఆమె పైట చెంగుతో ముక్కు తుడుచుకుంది. "ఆయన రంగు దాసిపెట్టలే. మనమెందుకు దాసిపెట్టాలె?" అంది.

ఇంకా కాసేపు మాట్లాడుకున్నాం. పొద్దున ఎదురింటాయనే పొయ్యి వెలిగించాలని, తమ్ముడు దూరంగా నిలబడి పాళ్లు చెప్పాలని, నేరేడుపండు రంగు ఇకమీదట వీధిలో ఎవరైనా అద్దుకోవచ్చని ఇంటిల్లిపాదీ ఒక్క మాట మీదికి వచ్చాం.