కత్తి లేని దళపతి

వాన పట్టిన ఆదివారం మధ్యాహ్నం మా హాల్లో స్టీలు గిన్నెలో పాచికలు గలగలమన్నాయి. లోపలి గదిలో కునుకు తీస్తున్న నేను ఆ చప్పుడుకి కళ్లు తెరిచాను గాని, లేవబుద్ధి కాలేదు. నాకు వినిపించింది పాచికల చప్పుడు కాదు, చాటలో గవ్వలు పడిన చప్పుడు. దాని వెంబడే ఉప్పుగాలి, తడి ఇసుక వాసన, సాయంత్రాలు సరుగుడు తోపులోంచి వచ్చే సన్నటి హోరు, అన్నీ ఒకదాని తర్వాత ఒకటి వచ్చి నా మంచం చుట్టూ నిలబడ్డాయి. హాల్లో మా మనవరాలూ దాని స్నేహితులూ బల్ల చుట్టూ చేరి ఏదో ఆట ఆడుతున్నారు. ఆ ఆటలో ఒకరు కథ చెబుతుంటే మిగిలినవాళ్లు ఆ కథలో తలా ఒక మనిషిగా మారి నడుస్తారు. ఒకరు విలుకాడు, ఒకరు మాంత్రికుడు, ఇంకొకరు దొంగ. ఇప్పుడు వీళ్లకు యుద్ధంలో జట్టును నడిపించే దళపతి కావలసి వచ్చాడట. అతనికి ఏ శక్తులు ఇవ్వాలన్న దగ్గర తగువు మొదలైంది. ఒకడు పెద్ద కత్తి ఇద్దామంటాడు, మా పిల్లేమో అందరికీ ఆజ్ఞలిచ్చే అధికారం ఇద్దామంటుంది. పడుకున్నచోటే నవ్వుకున్నాను. దాదాపు అరవై ఏళ్ల కిందట, ముత్తుకూరు వైపు కాలవ గట్టు పల్లెలో, ఒక ఇసుక వాకిట్లో కూర్చుని మేమూ సరిగ్గా ఈ తగువే పడ్డాం.

ఆ వాకిలి శాంతమ్మ టీచరుగారిది. ఆమె మిషన్ బడిలో చిన్న తరగతులకు చెప్పేవారు. చర్చి పక్కన పెంకుటింట్లో ఒక్కరే ఉండేవారు. మా నాన్నది వరి సేద్యం, మా పెరటి గోడ దూకితే ఆమె వాకిలి. మనిషి పొట్టి, నేత చీర, చేతులకు ఎప్పుడూ సుద్ద. చూడటానికి అంతకన్నా చెప్పుకోదగ్గదేమీ లేదు, నోరు విప్పేదాకా. ఆ గొంతు గురించి ఎలా చెప్పాలో నాకిప్పటికీ తెలియదు. ఆదివారం చర్చిలో ఆమె పాట ఎత్తుకుంటే కాలవలో పడవవాళ్లు గెడ వేయడం ఆపి వినేవాళ్లు. మా అమ్మ, ఆ గడప తొక్కితే ఏం తంటాలో అనుకునే మా అమ్మ, పొయ్యి ముందు నుంచి లేచి పెరటి తలుపు తీసి పెట్టేది. నన్ను అటు పంపేటప్పుడు మాత్రం “ఆడుకో గాని ఆడేమీ తినబాక” అని ప్రతిసారీ చెప్పేది. నేను ప్రతిసారీ తలూపి, వెళ్లి, టీచరుగారు పెట్టిన వేయించిన వేరుశనక్కాయలు తిని మూతి తుడుచుకుని వచ్చేదాన్ని.

ఆ వాకిట్లో మా ఆట ఎక్కడో చూసి నేర్చుకున్నది కాదు, ఆమె సొంతంగా కట్టుకున్నది. వాకిట్లో తడి ఇసుకతో కొండలు పోసేవారు, వేలితో వాగులు గీసేవారు, కొబ్బరిచిప్ప బోర్లించి కోట అనేవారు. చింతగింజలు రాక్షసులు. నేను విలుకాడిని. చేపల పాళెం నుంచి వచ్చే పెంచలయ్య గుర్రపు రౌతు. పాస్టరుగారి అమ్మాయి కరుణ వైద్యురాలు. నిజానికి కరుణ మంత్రగత్తెగా ఉంటానని పట్టుబట్టింది. పాస్టరుగారు ఊరుకోరని టీచరుగారు ఆమె చేతికి మందులపెట్టె ఇచ్చి వైద్యురాలిని చేశారు. ఆ పెట్టెలో మందులు గాలిని ఆపేవి, చచ్చినవాణ్ణి లేపేవి, దానిమీద పాస్టరుగారికి అభ్యంతరం లేకపోయింది. గవ్వలు చాటలో వేస్తే ఎన్ని వెల్లకిలా పడ్డాయో దాన్నిబట్టి మా దెబ్బ తగలడమో తప్పడమో. మిగతాదంతా ఆమె గొంతే. పేము స్టూలు మీద కూర్చుని “మీ ముందర ఒక వాగుండాది. అవతలి గట్టున ఎవరో నిలబడుండారు” అనేవారు. అంతే, పొద్దుగూకే ఆ వేళలో వాకిలి కనిపించేది కాదు. వాగు కనిపించేది. నా పాదాలకు చల్లగా తగిలేది కూడా.

ఒక వేసవిలో ఆ గొంతు బొంగురుపోయింది. కరక్కాయ బుగ్గన పెట్టుకుని, మిరియాలు నమిలి నెట్టుకొచ్చారు. ఎండలు తగ్గినా గొంతు తేరుకోలేదు. నెల్లూరులో చూపించుకుని వచ్చిన సాయంత్రం, వేరుశనక్కాయల గిన్నె మా మధ్య పెట్టి, పిల్లలకు చెప్పే మాట కాదని దాచకుండా చెప్పేశారు. గొంతులో కాయ ఉందట, మద్రాసు పోయి కోయించుకోవాలట. “గొంతు మిగలొచ్చు, మిగలకపోవచ్చు. ఆట మాత్రం నిలవాల” అన్నారు. కరుణ ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం. ఆమె గొంతు లేకపోతే ఆ వాగు ఉండదు, ఆ గట్టున ఎవరూ నిలబడరు. నాకు ప్రపంచంలో అన్నిటికన్నా ఇష్టమైన చోటు ఆ కాయతో పాటు కోసేస్తారని నాకు అర్థమైంది.

ఆమె లెక్క వేరు. మా ముగ్గురినీ ఇన్నాళ్లూ ఒక జట్టుగా పట్టి ఉంచింది తన మాటేనని ఆమెకు తెలుసు. మాట పోయాక కూడా మమ్మల్ని కలిపి ఉంచేవాడు ఒకడు ఆటలోనే ఉండాలి. అందుకని దళపతిని తయారు చేయడానికి పూనుకున్నారు. ఒక గురివింద గింజ తెచ్చి, వీడే అన్నారు. మొదట వాడికి కత్తి ఇచ్చాం. రెండు మార్లు గవ్వలు వేసే హక్కు ఇచ్చాం. పెంచలయ్య దళపతిగా దిగి చింతగింజలన్నీ తానే ఊడ్చేశాడు. నేనూ కరుణా చేసేదేమీ లేక కొబ్బరిచిప్ప కోట చుట్టూ తోట వేసుకుంటూ కూర్చున్నాం. టీచరుగారు ఆ తోటను చూసి, ఇది యుద్ధమా తిరునాళ్లా అని కత్తి తీసేశారు. ఈసారి ఆజ్ఞలు. అందరి మనుషులూ దళపతి చెప్పినట్టే కదలాలి. నేను దళపతినయ్యాను, ఒప్పుకోవాలి, చాలా బాగా ఆజ్ఞాపించాను. రౌతును వాగు దాటించాను, వైద్యురాలిని కొండెక్కించాను. మేం గెలుస్తూ ఉండగా పెంచలయ్య తన రౌతుగా పెట్టుకున్న గింజను ఇసుకలోంచి పెరికి జేబులో వేసుకున్నాడు. “నా మనిషిని నువ్వే ఆడతా ఉంటే నేనెందుకుమే ఈడ?” అన్నాడు. అతనిదే న్యాయం. టీచరుగారు గవ్వలు ఏరి చాటలో వేశారు. మాట్లాడటం అప్పటికే ఆమెకు కష్టంగా ఉండేది.

మరుసటి ఉదయం మమ్మల్ని సముద్రం ఒడ్డుకు తీసుకుపోయారు. ఆ గాలి తగిలితే గొంతుకు హాయిగా ఉంటుందన్నారు. మంచు ఇంకా విడలేదు, నీళ్లకూ ఆకాశానికీ మధ్య గీత లేదు. పాళెంవాళ్లు ఒడ్డు మీదికి పెద్దవల లాగుతున్నారు. వల రెండు కొసల తాళ్లకూ రెండు వరుసల మనుషులు, మంచులో సగం కనిపిస్తూ సగం మాయమవుతూ. పెంచలయ్య తాత పోలయ్య మాత్రం ఇసుక దిబ్బ మీద నిలబడి ఎర్ర తువ్వాలు ఊపుతున్నాడు. హోరులో అరిచినా వినపడదు గనక ఎప్పుడు లాగాలో ఎప్పుడు ఆపాలో అంతా తువ్వాలుతోనే. మా తాత ఎప్పుడూ తాడు ముట్టడని పెంచలయ్య కాస్త సిగ్గుపడుతూ చెప్పాడు. తాడు మీద ఇంటికొక చోటు ఉంటుంది. దిబ్బ ఎక్కేవాడు తన చోటును ఆ పూటకు ఇంకొకరి చేతికి ఇచ్చి ఎక్కాలి. అది పాళెం కట్టుబాటు. తువ్వాలు పట్టినవాడికి తాడు లేదు. వల ఒడ్డుకు చేరాక టీచరుగారు పోలయ్య దగ్గరికి నడిచారు. ఆ చోటు ఎవరికివ్వాలో ఎట్లా తెలుస్తుందని, ఉన్న కాస్త గొంతుతో అడిగారు. అతను వింత ప్రశ్న విన్నట్టు చూశాడు. “పైనుంచి చూస్తే కనపడతది గదమ్మా. యాడ పట్టు సన్నగిల్లతా ఉండాదో ఆడికిస్తా.” ఆమె చాలాసేపు అక్కడే నిలబడ్డారు. చీర అంచు తడుస్తున్నా జరగలేదు.

ఆ సాయంత్రం దళపతి పుట్టాడు. వాడికి కత్తి లేదు, ఆజ్ఞ లేదు. వాడి వంతు వచ్చినప్పుడు గవ్వలు తను వేయకూడదు, జట్టులో ఎవరికైనా ఇవ్వాలి. తీసుకున్నవాడు తన మనిషిని తన ఇష్టం వచ్చినట్టు ఆడతాడు. ఇస్తే తీసుకోననే హక్కు కూడా అవతలివాడికి ఉంది. చెప్పడం అయ్యాక ఎవరు దళపతిగా ఉంటారని అడిగారు. ముగ్గురం ఇసుకలోకి చూశాం. ఎవరికి కావాలి అలాంటి దళపతి? ఆమెకు నవ్వొచ్చింది. ఆ నవ్వుకు చప్పుడు లేదు. రెండు రోజుల తర్వాత మద్రాసు రైలెక్కారు.

ఆమె లేని రోజుల్లో ఆట సాగింది గాని అది ఆటలా లేదు. కథ చెప్పేవారు లేరు, రాక్షసులను గవ్వలే నడిపేవి. దళపతిగా వంతులవారీగా దిగాం. నా వంతున ఒకరోజు పెంచలయ్య రౌతు చుట్టూ చింతగింజలు మూగాయి. వాడు మొండిగా నావైపు చూడలేదు, అడగనూ లేదు. నేను గవ్వలు వాడి ముందు పెట్టాను. వాడు నన్ను ఒకసారి చూసి, తీసుకుని, ఊది, వేశాడు. అన్నీ వెల్లకిలా పడ్డాయి. మేం పెట్టిన కేకలకు మా అమ్మ గోడ మీదుగా తొంగిచూసింది. నేను వేసిన ఏ పందేనికీ అంత సంతోషం కలగలేదంటే నమ్మండి.

ఆమె చలిరోజుల్లో తిరిగొచ్చారు. మెడకు తెల్లటి గుడ్డ చుట్టుకుని, చిక్కిపోయి. గొంతు లేదు. పెదవులు కదిలితే గాలి మాత్రం వచ్చేది. ఆదివారం చర్చిలో పాట వేరెవరో ఎత్తుకున్నారు. మా అమ్మ పెరటి తలుపు తీయలేదు. సాయంత్రం మేం వాకిలి ఊడ్చి కొండలు పోసి, పేము స్టూలు ఎప్పటి చోట వేశాం. ఆమె బయటికి వచ్చి, స్టూలును చూసి, దాన్ని దాటుకుని వచ్చి మాతో పాటు ఇసుకలో కూర్చున్నారు. గురివింద గింజ తీసుకున్నారు. కథ లేని వాకిలి ఉత్త వాకిలిగానే ఉంది, కొండలు ఉత్త ఇసుకగానే ఉన్నాయి. అప్పుడు ఆమె చాటలో గవ్వలు తీసుకుని, అరచేతిలో పెట్టి నా ముందుకు చాపారు. రెండో చేత్తో స్టూలు చూపించారు.

ఆమె ఇస్తున్నది గవ్వలు కాదని తెలిసింది. “ఇది మీది గదా టీచరుగారూ” అన్నాను. ఆమె అవునని తల ఊపారు. ఇంకేదో చెప్పబోయారు, పెదవులు కదిలాయి, మాట రాలేదు. చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోలేదు. నేను లేచి స్టూలు మీద కూర్చున్నాను. నా గొంతు నాకే చిన్నగా, గరుకుగా వినిపించింది. “మీ ముందర ఒక వాగుండాది” అన్నాను. ఆమె కళ్లు మూసుకున్నారు. పెంచలయ్య మడమలు దగ్గరికి లాక్కున్నాడు, నీళ్లు తగులుతాయన్నట్టు.

తర్వాత కూడా ఆమె చాలా ఏళ్లు బడిలోనే ఉన్నారు. పలక, సుద్ద, చిన్న ఎర్ర తువ్వాలు, వీటితోనే తరగతి నడిపారు. నేను పంతులమ్మనై, జీవితమంతా పిల్లల ముందు నిలబడి మాట్లాడి బతికాను. ప్రతి కొత్త తరగతిలో మొదటి మాటకు ముందు నా కళ్లముందు ఆ అరచెయ్యి ఉండేది. ఆమె పోయి చాలా కాలమైంది. ఆ సాయంత్రం ఏం చెప్పబోయారో అడగడానికి ఎప్పుడూ ధైర్యం చాలలేదు.

లేచి హాల్లోకి వెళ్లాను. నన్నూ ఆటలో చేర్చుకోమన్నాను. అవ్వ సరదా పడుతోందని నవ్వి, ఎవరుగా ఆడతావని మనవరాలు అడిగింది. దళపతి అన్నాను. కత్తి కావాలా అంది. వద్దన్నాను. కాసేపటికి పెద్ద కత్తి అడిగిన పిల్లవాడి మనిషి ఇరుకున పడ్డాడు, చుట్టూ శత్రువులు. నా వంతు వచ్చింది. పాచికలు అరచేతిలో వేసుకుని వాడి ముందుకు చాపాను. వాడు తీసుకోకుండా నా ముఖంలోకి చూశాడు.

“ఇది మీ వంతు కదా అవ్వా?”

“అవును నాయనా. నాది గనకనే ఇస్తా ఉండా.”